బావ బండి, బ్లింకింగ్ బ్రేకులైటు

మా అక్కనిచ్చిన ఊరు జువ్వలదిన్నె. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, సముద్రం ఒడ్డున ఉంటుంది. 2020లో ఫిషింగ్ హార్బరుకి శంకుస్థాపన జరిగాక పేపర్లలో కాస్త పేరు కనపడుతోంది గానీ, అంతకుముందు ఆఫీసులో ఎవరికైనా చెప్తే "అదెక్కడ?" అనేవాళ్ళు. బిట్రగుంట దగ్గర అంటే మాత్రం రైళ్ళ పుణ్యమా అని కొందరికి తెలిసేది.

బావ అక్కడ పడవల దగ్గర చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, తన బండిలో చెన్నైకి తోలతాడు. పోయినసారి నేను వెళ్ళేసరికి బండి వెనక భాగం సొట్టపోయి ఉంది. ఏమైందంటే, తెల్లవారుజామున హైవే మీద ముందు గేదె అడ్డం వస్తే బ్రేకు కొట్టాడట. వెనకొచ్చే లారీ గుద్దింది. బావకేం కాలేదు గానీ, పక్కన కూర్చున్న కుర్రాడికి మెడ పట్టేసి నెల రోజులు పనికి రాలేదు. ఆ నెల జీతమూ, మందుల ఖర్చూ బావే పెట్టుకున్నాడు.

అందుకని బావ ఏం చేశాడంటే, కావలిలో ఒక ఎల్‌ఈడీ పట్టీ కొని బండి వెనక బిగించాడు. బ్రేకు మీద కాలు పెడితే చాలు, టకటకా కొట్టుకుంటుంది. నాకు చూపించి, "ఎట్టుందిరా? ఇంక గుడ్డోడైనా ఆగాల్సిందే" అన్నాడు.

నేను ఊరుకోవచ్చుగా! "బావా, అది తీసేస్తే మేలేమో" అన్నాను.

బావకి కోపం వచ్చింది. "నీ కారుకి కూడా గట్టిగా తొక్కితే బ్లింక్ అవతాయంటివే. మీ కార్లకుంటే సేఫ్టీ, మా బండికి పెడితే న్యూసెన్సా?"

ప్రశ్న న్యాయమైనదే. అప్పటికి సరైన సమాధానం చెప్పలేకపోయాను. హైదరాబాదు వచ్చాక కూర్చుని చదివితే, దీని వెనక యాభై ఏళ్ళ కథ ఉందని తెలిసింది. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు మన సంగతి. పాత లారీ డ్రైవర్లు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టేవాళ్ళు గుర్తుందా? అదేదో అలవాటు కాదు, రూలే. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో స్పష్టంగా ఉంది. బండి నెమ్మది చెయ్యబోతుంటే కుడి చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి కిందకి పెట్టి, నాలుగైదు సార్లు పైకీ కిందకీ ఆడించాలి. ఆపబోతుంటే ముంజేతిని నిలువుగా పైకెత్తాలి. అంటే "నెమ్మదిస్తున్నా" అనేది ఒక మాట, "ఆగిపోతున్నా" అనేది ఇంకో మాట. వెనకవాడికి తేడా తెలిసేది. (2017లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి.)

బ్రేకులైటు వచ్చి ఈ రెండు మాటల్నీ ఒకటి చేసేసింది. మన భాషలో చెప్పాలంటే అది ఒక్క బిట్టు. కాలు పెడల్ మీద ఉందా లేదా, అంతే. ఊరికే కాలు ఆనించినా అదే ఎరుపు, గేదెని చూసి ప్రాణభయంతో తొక్కినా అదే ఎరుపు. పోయిన ఆ సమాచారాన్ని వెనక్కి తెచ్చుకోవడానికే బ్లింకింగ్ లైట్ల చరిత్ర అంతా.

జాన్ వోవోడ్‌స్కీ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు. శాన్ ఫ్రాన్సిస్కోలో 343 టాక్సీలకి వెనక మధ్యలో ఒక కాషాయరంగు లైటు పెట్టించాడు. అది మామూలు బ్లింకింగ్ కాదు. బండి ఎంత గట్టిగా ఆగుతుంటే అంత వేగంగా కొట్టుకునేది. ఆ లైటు లేని టాక్సీలతో పది నెలలు పోల్చి చూసి, 1974లో ఫలితాలు ప్రచురించాడు. వెనక నుంచి గుద్దడాలు 60.6 శాతం తగ్గాయి! బావ చదివితే ఎగిరి గంతేస్తాడు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. తర్వాత 1976-77లో అక్కడి ప్రభుత్వం వాషింగ్టన్ టాక్సీల మీద ఇంకో ప్రయోగం చేయించింది. ఈసారి లైటు బ్లింకవ్వదు. వెనక అద్దం దగ్గర, మధ్యలో, ఎత్తున నిలకడగా వెలుగుతుంది, అంతే. అయినా బ్రేకు వేసినప్పుడు జరిగే ఆ రకం గుద్దడాలు దాదాపు సగానికి పడిపోయాయి. అంటే మేలు చేసిందాంట్లో ఎక్కువ భాగం కొట్టుకోవడం వల్ల కాదు, లైటు ఉన్న చోటు వల్ల. కంటికి ఎదురుగా, ఇండికేటర్లకీ టెయిల్ లైట్లకీ దూరంగా, విడిగా ఉండటం వల్ల. ఆ లెక్కతోనే అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి మూడో బ్రేకులైటు తప్పనిసరి చేశారు. ఈరోజు మన కార్ల వెనక అద్దంలో కనపడే ఎర్రలైటు ఆ వంశంలోదే.

ఇక అసలు మలుపు. 1998లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ లెక్కలు తీసి చూస్తే, స్థిరపడ్డాక ఆ లైటు వల్ల వెనక గుద్దడాలు తగ్గింది 4.3 శాతమే అని తేలింది. అరవై ఎక్కడ, నాలుగు ఎక్కడ! లెక్కించిన పద్ధతుల్లో తేడా కొంత కారణం. ఇంకో కారణం మనకి బాగా తెలిసిందే. టాక్సీలకి పెట్టినప్పుడు ఊళ్ళో ఆ లైటు కొత్త. అందరి కార్లకీ వచ్చేశాక కళ్ళు అలవాటు పడిపోయాయి.

ప్రొడక్షన్ సపోర్టులో పనిచేసిన ఎవరినైనా అడగండి. అలర్టు మొదటిసారి మోగితే అర్ధరాత్రి గుండె దడదడలాడుతుంది. అదే అలర్టు రోజుకి నలభై సార్లు వస్తే, దానికో ఫోల్డరు పెట్టి అందులోకి తోసేస్తాం. తర్వాత ఒకరోజు నిజంగానే సర్వరు పడిపోతే, ఆ మెయిలు కూడా బుద్ధిగా అదే ఫోల్డర్లో ఉంటుంది :)

అలాగని 4.3 శాతం దండగేం కాదు. బండ్లన్నిటికీ ఆ లైటు వచ్చాక ఏడాదికి 58,000 నుంచి 70,000 మంది గాయాల నుంచి తప్పించుకుంటారని అదే నివేదిక అంచనా వేసింది. ఒక చిన్న బల్బుకి అది చాలా గొప్ప. కాకపోతే అరవై అని ఆశపడకూడదు.

మరి నా కారు సంగతి? 2005లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో అత్యవసరంగా బ్రేకు వేస్తే కొట్టుకునే లైట్లు వచ్చాయి. ఆ తర్వాత ఐరాస వాహన నిబంధనల్లో దీనికి కొలతలు పెట్టారు. వేగం గంటకి 50 కిలోమీటర్లు దాటి ఉండాలి. కారైతే ప్రతి సెకనుకీ వేగం సుమారు 21 కిలోమీటర్లకి తగ్గకుండా పడిపోతుండాలి. పెద్ద బండ్లకైతే 14 చాలు. అప్పుడే లైట్లు సెకనుకి నాలుగుసార్ల చొప్పున కొట్టుకోవాలి. మామూలు ఇండికేటరు సెకనుకి ఒకటి రెండు సార్లే కొట్టుకుంటుంది కాబట్టి, రెంటినీ కలగాపులగం చేసుకునే ప్రమాదం లేదు. మన దగ్గర అమ్మే చాలా కార్లలో కూడా ఇప్పుడిది ఉంది. రోజూ తిరిగే కార్లో అది ఎప్పుడో గానీ వెలగదు. దాని విలువంతా ఆ "ఎప్పుడో గానీ"లోనే ఉంది.

బావ పట్టీకి ఇదేం తెలీదు. కాలు బ్రేకు మీద ఉందని తెలుసు, ఎంత గట్టిగా ఉందో తెలీదు. టోల్‌గేటు దగ్గర కొట్టుకుంటుంది, స్పీడు బ్రేకరు దగ్గర కొట్టుకుంటుంది, గేదె దగ్గరా అట్లాగే కొట్టుకుంటుంది. వెనకవాడికి వారంలో అలవాటైపోతుంది. పైగా బ్రేకా, ఇండికేటరా అన్న అనుమానం అదనం.

ఎర్రబుగ్గ కార్లు గుర్తున్నాయిగా. ప్రతివాడూ పెట్టుకునేసరికి జనానికి భయమూ పోయింది, గౌరవమూ పోయింది. చివరికి 2017 మే 1 నుంచి నాయకుల కార్లకి తీసేయించాల్సి వచ్చింది. ఇప్పుడు బుగ్గ కనపడితే అంబులెన్సో, ఫైరింజనో, పోలీసులో అనుకుని దారిస్తాం. తీసేశాకే దానికి మళ్ళీ అర్థం వచ్చింది.

ఇదంతా బావకి ఫోన్లో చెప్పబోతే "శాతాలు నాకొద్దురా" అన్నాడు. సరే, సముద్రం భాషలో చెప్పాను. "రాత్రిపూట తెలుపు మీద ఆకుపచ్చ లైటు కనపడితే ఏంది బావా?"

"ట్రాలర్ వల లాగతా ఉంది."

"తెలుపు మీద ఎరుపైతే?"

"వేరే రకం వల. దూరంగా పోవాల."

"అందరూ కంటికి బాగా ఆనతాయని ఎరుపే కట్టుకుంటే?"

బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వలలన్నీ తెగతాయి" అన్నాడు.

చివరికి చేసిందేమిటంటే, పట్టీ తియ్యలేదు. దానికున్న ఫ్లాషర్ ముక్క పీకేసి, నిలకడగా వెలిగేట్టు చేసి, బాడీకి పైన మధ్యలో బిగించాడు. పాత ఫిలమెంటు బల్బులు మార్చి ఎల్‌ఈడీ వేయించాడు. ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు ఆలస్యమవుతుంది. వందలో వచ్చే వెనక బండికి అది దాదాపు అయిదున్నర మీటర్లు. ఉప్పుగాలికి చిలుం పట్టిన హోల్డర్లు కూడా మార్పించాడు. రెండు బ్రేకులైట్లలో ఒకటి ఎన్నాళ్ళనించి వెలగట్లేదో ఆ రోజే బయటపడింది. లారీ గుద్దిన రోజున అది వెలిగిందో లేదో మాకెవరికీ తెలీదు.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "నేను పీకేశాన్రా, బాగానే ఉంది. హైవే మీద మిగతా బండ్లన్నీ దీపావళి లాగా కొట్టుకుంటా పోతన్నాయే, వాటిమధ్య నాది ఆనేదెట్ట? వాళ్ళకెవురు చెప్పాల?"

దానికి నా దగ్గర జవాబు లేదు.