నిషేధం నీడలో గ్రేస్‌లాండ్

వర్ణవివక్షను అనుసరిస్తున్న దక్షిణాఫ్రికాతో కళాకారులెవరూ సంబంధాలు పెట్టుకోరాదని ఐక్యరాజ్యసమితి 1980లో ఇచ్చిన సాంస్కృతిక బహిష్కరణ పిలుపు అమలులో ఉండగానే, అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ 1985లో జొహానెస్‌బర్గ్ వెళ్లి, అక్కడి నల్లజాతి వాద్యకారులతో కలిసి చేసిన రికార్డింగులే 1986లో విడుదలైన 'గ్రేస్‌లాండ్' ఆల్బమ్‌కు పునాది అయ్యాయి. గిటార్ వాద్యకారుడు రే ఫిరి, బాస్ గిటార్ వాద్యకారుడు బకితి కుమాలోల వాయిద్యం లేనిదే ఆ సంగీతానికి ఉనికే లేదు కనుక, దాన్ని సైమన్ ఒక్కడి సృష్టిగా చెప్పడం అన్యాయం.

ఈ ఆల్బమ్‌లో జోసెఫ్ షబలాలా నాయకత్వంలోని లేడీస్మిత్ బ్లాక్ మాంబాజో బృందం పాడింది ఇసికతమియా, అంటే గనుల్లోనూ కర్మాగారాల్లోనూ పనిచేయడానికి ఇల్లు విడిచి వచ్చిన జూలూ కార్మికులు వసతిగృహాలలో పెంపొందించుకున్న, వాద్యాల తోడు లేని పురుషుల బృందగానం. షబలాలా, సైమన్ కలిసి రచించిన 'హోమ్‌లెస్' పాటలో ఆ శైలి గాంభీర్యమంతా వినిపిస్తుంది.

బహిష్కరణను ఉల్లంఘించాడని సైమన్‌పై వచ్చిన విమర్శ తేలికైనది కాదు. అయితే దక్షిణాఫ్రికాను వీడి దశాబ్దాలుగా ప్రవాసంలో ఉన్న గాయని మిరియం మకేబా, ట్రంపెట్ విద్వాంసుడు హ్యూ మసెకెలా 1987 పర్యటనలో ఆయనతో చేరి, దక్షిణాఫ్రికా పొరుగునే ఉన్న జింబాబ్వే రాజధాని హరారేలో వేలాది శ్రోతల ముందు పాడారు. సైమన్ నిర్మాణంలో వెలువడిన మాంబాజో బృందం ఆల్బమ్ 'షాకా జూలూ'కు 1988లో గ్రామీ పురస్కారం లభించడంతో ఆ బృందానికి ప్రపంచ వేదికలపై సొంత స్థానం ఏర్పడింది.