మాడ్రిడ్, పారిస్‌లే పోపును ఎన్నుకున్నాయా?

పదిహేడో శతాబ్దపు పోపుల ఎన్నికలంటే స్పెయిన్, ఫ్రాన్స్ రాజుల మధ్య తాడులాగుడు పోటీ అన్నట్టుగా చాలా పుస్తకాలు తేల్చేస్తాయి. అందులో నిజం సగమే. మిగతా సగం 1655 ఎన్నికలో దొరుకుతుంది.

1179లో మూడింట రెండొంతుల ఓట్ల నియమం, 1274లో తలుపులు మూసి ఎన్నుకునే కాంక్లేవ్ పద్ధతి, 1621లో రహస్య ఓటు వచ్చాయి. ఇవేవీ రాజుల జోక్యాన్ని ఆపలేదు. 1644 ఎన్నికలో కార్డినల్ సక్కెట్టిని స్పెయిన్ అడ్డుకుంది. కార్డినల్ పాంఫీలీ వద్దని ఫ్రాన్స్ మంత్రి మజరాన్ పంపిన కబురు మాత్రం ఆలస్యంగా చేరింది. అప్పటికే పాంఫీలీ పోపు పదో ఇన్నోసెంట్ అయ్యాడు.

ఆ ఇన్నోసెంట్ 1655 జనవరి 7న మరణించాడు. మామూలుగా చనిపోయిన పోపు నియమించిన కార్డినళ్లను ఆయన బంధువైన కార్డినల్ ఒకడు నడిపించేవాడు. ఈసారి ఆ నాయకుడే లేడు. ఇన్నోసెంట్ అన్న కొడుకు కమిల్లో పెళ్లి కోసం 1647లోనే కార్డినల్ పదవి వదులుకున్నాడు. ఆ స్థానంలోకి తెచ్చుకున్న అస్తల్లీ 1654లో పోపు ఆగ్రహానికి గురయ్యాడు. నా దృష్టిలో ఆ ఎన్నికకు అసలు మలుపు ఈ ఖాళీయే. నాయకుడు లేని కార్డినళ్లలో కొందరు కార్డినల్ అజ్జొలీనో చుట్టూ చేరి, ఏ రాజుకూ కట్టుబడని ‘స్క్వాద్రోనె వొలాంతె’ వర్గంగా నిలబడ్డారు. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన కార్డినల్ రెట్జ్ కూడా వారితో కలిశాడు. తర్వాత ఆ కథ రాసిందీ ఆయనే. తన పాత్రను పెంచి చెప్పుకునే మనిషి కాబట్టి ఆయన మాటల్ని కాస్త తగ్గించే చదవాలి.

జనవరి 18న మొదలైన కాంక్లేవ్ ఏప్రిల్ 7 దాకా సాగింది. సక్కెట్టికి ముప్పైకి పైగా ఓట్లు వచ్చినా స్పెయిన్ అడ్డు తొలగలేదు. కార్డినల్ ఫాబియో కీజీకి మజరాన్ అడ్డు. మున్‌స్టర్ శాంతి చర్చల్లో పోపు దూతగా ఉన్నప్పటి నుంచీ కీజీ అంటే ఆయనకు గిట్టదు. చివరికి తన ఆశ వదులుకున్న సక్కెట్టి స్వయంగా రాస్తేనే మజరాన్ మెత్తబడ్డాడు. కీజీ ఏడో అలెగ్జాండర్ అయ్యాడు.

మజరాన్ సమ్మతి లేకుండా ఇది జరిగేది కాదు, ఒప్పుకోవాలి. కానీ రాజుల అభ్యంతరం ఎవరు కాకూడదో చెప్పగలిగిందే తప్ప ఎవరు కావాలో చెప్పలేకపోయింది. బంధుప్రీతిని అసహ్యించుకుంటాడని పేరున్న కీజీ 1656లోనే తన వాళ్లను రోమ్‌కు పిలిపించుకోవడం వేరే సంగతి.

రాజుల అభ్యంతరం చివరిసారి 1903లో వినిపించింది. ఆస్ట్రియా చక్రవర్తి కార్డినల్ రాంపొల్లాను వద్దన్నాడు. మరుసటి ఏడాదే పదో పయస్ దాన్ని నిషేధించాడు. అది మంచి పనే. అయితే 2025 మే ఎన్నికనూ పత్రికలు ఉదారవాదులు, సంప్రదాయవాదులు అంటూ రెండు శిబిరాల లెక్కలోనే చూపించాయి. రాజుల పేర్లు పోయాయి, లెక్క మారలేదు. ఓటు వేసిన 133 మందీ రహస్యం కాపాడతామని ప్రమాణం చేసినవాళ్లే. కాబట్టి రెట్జ్ వదిలివెళ్లినంత సాక్ష్యమైనా దొరికేదాకా ఆ శిబిరాల కథను చరిత్ర అనడం తొందరపాటే.