శంషాబాద్ ప్రాంత బడుల్లో శాస్త్ర సాంకేతిక వృత్తుల మార్గదర్శనం

హైస్కూలు పిల్లలకు సైన్సు, సాంకేతికం, ఇంజనీరింగ్, గణితం ఆధారంగా సాగే ఉద్యోగాలను పరిచయం చేసి, వాటికి చేరే చదువులేవో చెప్పడం వృత్తి మార్గదర్శనంలో ముఖ్యమైన భాగం. ఈ నాలుగు రంగాలను కలిపి స్టెమ్ అంటున్నారు. రంగారెడ్డి జిల్లా శంషాబాద్ చుట్టుపక్కల ఈ పనికి ప్రత్యేకమైన నేపథ్యం ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం, క్షిపణి పరిశోధన కేంద్రం, ఉపగ్రహ సమాచార కేంద్రం, అంతర్జాతీయ విమానాశ్రయం, రాకెట్లు తయారుచేసే కంపెనీ అన్నీ ఇక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. అయినా ఈ ప్రాంత ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకు దారి చెప్పే బాధ్యత చాలాకాలం పదో తరగతికి లెక్కలో, ఫిజిక్సో చెప్పే సారు మీదే పడింది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో కౌన్సెలర్ అనే పోస్టు సాధారణంగా ఉండదు. అందువల్ల ఇక్కడ కౌన్సెలర్లకు సాయం చేయడమంటే ముందుగా ఉపాధ్యాయులకు సరైన సమాచారం అందించడమే.

మూలాలు

వృత్తి ఎంపికలో యువకులకు సలహా ఇచ్చే పనికి 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ ఒక సంస్థాగత రూపం ఇచ్చారు. ఆ సలహా సైన్సు వైపు మళ్లడానికి కారణం మాత్రం రాజకీయాలు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. మరుసటి ఏడాదే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, ప్రతిభ గల పిల్లలను గుర్తించి సైన్సు చదువుల వైపు నడిపించే కౌన్సెలర్ల శిక్షణకు కేంద్ర నిధులు ఇచ్చింది. ఉపగ్రహం పంపిన దేశంతో పోటీ పడాలంటే ప్రయోగశాలలతో పాటు బడిలో సలహాదారులూ కావాలని ఆ ప్రభుత్వం గ్రహించింది. ఈ విషయం మన విధానకర్తలు ఇప్పటికీ గుర్తు పెట్టుకోదగ్గది.

మన దేశంలో 1938లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఈ పని మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘం దీన్ని గట్టిగా పట్టించుకుంది. శిక్షణ పొందిన మార్గదర్శక అధికారులు, కెరీర్ మాస్టర్ల సేవలు క్రమంగా అన్ని విద్యాసంస్థలకూ అందాలంది. పరిశ్రమల్లో పని ఎలా ఉంటుందో సినిమాల ద్వారా చూపించి, ఆపై పిల్లలను స్వయంగా తీసుకెళ్లి చూపాలని కూడా సూచించింది. 1954లో కేంద్ర విద్యాశాఖ విద్యా, వృత్తి మార్గదర్శన కేంద్ర బ్యూరోను స్థాపించింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ మార్గదర్శనాన్ని చదువులో అంతర్భాగంగా చూడమంది. ఈ సిఫార్సుల్లో కెరీర్ మాస్టర్ అన్నది గ్రామీణ తెలంగాణ బడులకు దాదాపు చేరలేదు.

గ్రూపు, ర్యాంకు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల ఇంటర్మీడియట్ 1969లో మొదలైంది, 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. దాంతో పదిహేనేళ్ల వయసులోనే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ లాంటి గ్రూపుల్లో ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఇంజనీరింగ్, వైద్య సీట్లకు ఒకే పరీక్ష రావడంతో మార్గదర్శనం అనే విశాలమైన పని ర్యాంకు, సీటు అనే రెండు మాటలకు కుదించుకుపోయింది. పదో తరగతి ఫలితాలు రాకముందే ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు వచ్చేవారు. చాలా కుటుంబాలకు ఏ గ్రూపు మంచిదో మొదట చెప్పింది వాళ్లే. సీట్లు నింపుకోవలసిన వారి దగ్గర తటస్థమైన సలహా దొరకదు. ఈ వ్యవస్థ చేసిన పెద్ద నష్టం అదే.

ఆ లోటును కొంత పూడ్చినవి తెలుగు దినపత్రికలు. ఈనాడు ‘ప్రతిభ’, సాక్షి ‘భవిత’ లాంటి పేజీలు ప్రవేశ పరీక్షల తేదీలు, అర్హతలు, కోర్సుల వివరాలను మండల కేంద్రం దాకా చేర్చాయి. కౌన్సెలర్ లేని బడిలో సారు చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ పత్రికే. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికతో, బడుల్లో జరిపే చెకుముకి పరీక్షలతో మరో రకంగా తోడ్పడింది. ఆ పరీక్షలు ఉద్యోగాల గురించి చెప్పవు, సైన్సు మీద ఇష్టం పుట్టిస్తాయి. నిజానికి మార్గదర్శనం అక్కడే మొదలు కావాలి.

విమానాశ్రయానికి ముందు

శంషాబాద్‌కు ఉత్తరాన ఉన్న రాజేంద్రనగర్ వ్యవసాయ పరిశోధనకు పేరుపొందింది. 1964లో స్థాపించిన వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, పశువైద్య కళాశాల అక్కడే ఉన్నాయి. రైతు కుటుంబం నుంచి బైపీసీ చదివిన పిల్లలకు డాక్టర్ సీటు రాకపోతే అన్నీ అయిపోయినట్టు అనిపించేది. అప్పుడు అగ్రికల్చర్ బీఎస్సీ గురించి చెప్పిన సారు వాళ్ల దారినే మార్చేవారు. తూర్పు వైపు పహాడీషరీఫ్ దగ్గర 1988లో క్షిపణి పరిశోధన కేంద్రం రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వచ్చింది. అప్పుడు హైదరాబాద్ రక్షణ ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా ఉన్న ఏపీజే అబ్దుల్ కలాం పేరు దీనితో విడదీయలేనిది. రక్షణ సంస్థ కావడంతో లోపలికి వెళ్లడం సులువు కాదు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ప్రహరీ చూస్తూ పెరిగారు తప్ప లోపలి పని చూడలేదు. దక్షిణాన షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకుంటుంది. నగరంలోని సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ లాంటి సీఎస్ఐఆర్ ప్రయోగశాలలు సెప్టెంబర్ 26న జరిగే వ్యవస్థాపక దినం సందర్భంగా ఓపెన్ డే పెట్టి బడి పిల్లలను లోపలికి రానిస్తాయి. మొదలియార్ సంఘం కోరిన సందర్శనకు ఈ నగరంలో దగ్గరి రూపం ఇదే.

2008 తర్వాత

సుమారు 5,500 ఎకరాల్లో నిర్మించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు ప్రారంభించింది. అదే ఏడాది ఆర్జీయూకేటీ అనే విశ్వవిద్యాలయం ఏర్పడింది. పదో తరగతి మార్కులతోనే గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ ఇంజనీరింగ్‌లోకి తీసుకునే ఈ దారిని ఏ సారైనా నమ్మకంగా చెప్పగలిగారు. విమానాశ్రయం దారులు మాత్రం అంత తేలిగ్గా అర్థం కాలేదు. తలమీదుగా రోజూ విమానాలు పోతున్నా, పైలట్, ఎయిర్‌హోస్టెస్ తప్ప మరో ఉద్యోగం పేరు చాలామంది పిల్లలకు తెలియదు.

సలహా చెప్పేవారు తడబడే చోటు ఇక్కడే ఉంది. ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ చేస్తే విమానం బాగుచేసే ఉద్యోగం వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ డిగ్రీ డిజైన్, తయారీ, పరిశోధనలకు పునాది. బాగుచేసిన విమానం ఎగరడానికి సిద్ధమని సంతకం చేయాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్ ఇచ్చే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్ లైసెన్సు ఉండాలి. దానికి ఇంటర్‌లో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి, డైరెక్టరేట్ ఆమోదించిన సంస్థలో శిక్షణ పొంది, పరీక్షలు పాసై, విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావాలంటే ఇంజనీరింగ్ ఒక్కటే దారి కాదు. ఫిజిక్స్, గణితంతో బీఎస్సీ చేసినవారూ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాయవచ్చు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల విమాన చోదనం కావాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న నియమం. వేరే గ్రూపు తీసుకున్నవారు ఆ రెండు సబ్జెక్టులను ఓపెన్ స్కూల్‌లో పూర్తి చేసుకున్న ఉదాహరణలున్నాయి. ఇంట్లో డబ్బు లేనివారికి పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయడం, ఆపై ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరడం మంచి దారి. దీన్ని తక్కువ మార్కుల వాళ్ల చదువుగా చెప్పడం అన్యాయం.

విమానాశ్రయ ఆవరణలో జీఎంఆర్ ఏరో టెక్నిక్ విమానాల నిర్వహణ, మరమ్మతు కేంద్రం నడుపుతోంది. 2025 నవంబర్ 26న ప్రధాని నరేంద్ర మోదీ ఇక్కడి ఏరోస్పేస్ పార్కులో శాఫ్రాన్ సంస్థకు చెందిన లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రారంభించారు. పదో తరగతి పిల్లలకు ఎంపీసీ తర్వాత ఏముందో చెప్పేటప్పుడు చూపించదగ్గ, పక్క ఊరిలోనే ఉన్న ఉదాహరణలివి.

పథకాలు, రాకెట్లు

2008 చివర్లో కేంద్రం ఇన్‌స్పైర్ పథకం తెచ్చింది. దాని ‘మానక్’ అవార్డులకు బడి పిల్లలు తమ సొంత ఆలోచనలు పంపుతారు. 2016 తర్వాత అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు, 2017లో సీఎస్ఐఆర్ ‘జిజ్ఞాస’ కార్యక్రమం, 2019లో తొమ్మిదో తరగతి వారికి ఇస్రో ‘యువిక’ శిక్షణ వచ్చాయి. హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం కూడా తర్వాత యువిక శిక్షణ కేంద్రాల్లో చేరింది. ఆడపిల్లలు తొమ్మిది నుంచి ఇంటర్ వరకు సైన్సులో నిలబడేలా చూసేందుకు శాస్త్ర సాంకేతిక శాఖ విజ్ఞాన్ జ్యోతి మొదలుపెట్టింది. వీటిలో ఇది ఎక్కువ అవసరమైనదని చెప్పాలి. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయిని దూరం కాలేజీకి పంపాలా వద్దా అని ఇంట్లో ఆలోచించే రోజుల్లో, ఆ అమ్మాయి తల్లిదండ్రులతో మాట్లాడే మనిషి కావాలి. టింకరింగ్ ల్యాబులోని త్రీడీ ప్రింటర్ ఆ పని చేయలేదు.

పిల్లలకు చెప్పదగ్గ మరో స్థానిక ఉదాహరణ రాకెట్ల తయారీ. ఇస్రో మాజీ ఉద్యోగులు పవన్‌కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ ఏరోస్పేస్ ప్రారంభించారు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన వారి విక్రమ్-ఎస్, దేశంలో ప్రైవేటుగా తయారైన తొలి రాకెట్. 2023 అక్టోబర్‌లో విమానాశ్రయ ఏరోస్పేస్ పార్కులో సంస్థ ‘మ్యాక్స్-క్యూ’ ప్రాంగణం తెరిచారు.

తెలంగాణ ప్రభుత్వం 2024 జూన్‌లో ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. అదే ఏడాది ఆగస్టు 1న విమానాశ్రయానికి ఆగ్నేయంగా కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. వీటి కోర్సులు, అర్హతలు, ఫీజులు ఏటా వేసవికి ముందే చుట్టుపక్కల హైస్కూళ్ల ఉపాధ్యాయులకు అందాలి. 1953లో మొదలియార్ సంఘం కోరిన కెరీర్ మాస్టర్ ఈ బడులకు ఇంకా రాలేదు కాబట్టి ఆ పని ఈ ప్రాంతంలో ఇప్పటికీ లెక్కల సారు, ఫిజిక్స్ టీచరు చేస్తున్నారు.