సీమ మణికట్టుపై కాలం: కర్నూలు, కడప ప్రాంతాలలో చవక వాచీల చరిత్ర

కర్నూలు, కడప ప్రాంతాలలో గడియారం అధికార చిహ్నంగా ప్రవేశించి, పెళ్లి లాంఛనంగా స్థిరపడి, చివరకు సామాన్యులు ముచ్చటపడి ధరించే అలంకారంగా మారడానికి శతాబ్దానికి పైగా పట్టింది. తక్కువ ఖర్చుతో యంత్రాన్ని తయారుచేసే పరిజ్ఞానం, దేశంలోనే ఆ పని చేపట్టిన కర్మాగారాలు, ఎండలోనూ దుమ్ములోనూ వాచీని ఏళ్ల తరబడి నడిపించిన మరమ్మతు పనివారు అనే మూడూ కలిసినప్పుడే వాచీ ఇక్కడి మధ్యతరగతికీ, ఆ తరువాత శ్రామికులకూ అందింది. కొన్ననాటి ధరకన్నా అది ఎన్నేళ్లు పనికొచ్చిందన్నదే చవకదనానికి అసలైన కొలత అని ఈ చరిత్ర చెబుతుంది.

గడియారాలు రాకముందు సీమ పల్లెల్లో పొద్దును, నీడను, చుక్కలను చూసి కాలాన్ని లెక్కించేవారు. పంచాంగ గణనలో రోజుకు 60 గడియలు, అంటే ఒక్కో గడియ 24 నిమిషాలు. జాము అంటే మూడు గంటలు. పొలం పనికీ, పూజకూ, ప్రయాణానికీ సరిపోయిన ఈ లెక్క రైలుకు సరిపోలేదు. మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా సాగిన రైలు మార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసినప్పుడు, ఆ దారి పొడవునా స్టేషన్లన్నీ మద్రాసు వేధశాల నిర్ణయించిన కాలాన్ని పాటించవలసి వచ్చింది. 1906 జనవరి 1 నుంచి అమలైన భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకున్నది కనుక, సగటున చూస్తే సూర్యుడు కడపలో నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో పన్నెండు దాటి దాదాపు 15 నిమిషాలు, కర్నూలులో దాదాపు 18 నిమిషాలు అవుతుంది. పొద్దును నమ్మిన రైతుకు రైలు తప్పిపోయే అవకాశం ఏర్పడింది. గడియారం చూడగలిగినవాడికి ఊరిలో ఒక కొత్త గౌరవం దక్కింది.

ఆ గౌరవం మొదట స్టేషన్ మాస్టర్లకూ, వకీళ్లకూ, రెవెన్యూ అధికారులకూ పరిమితమైంది. వారు ధరించినది గొలుసుతో కోటుకు తగిలించుకునే జేబు గడియారం. మణికట్టు గడియారాన్ని ఐరోపాలో చాలాకాలం స్త్రీల ఆభరణంగానే చూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండు చేతులకూ పని ఉన్న సైనికులకు అది అవసరమైన తరువాతే పురుషులలో వాడుక పెరిగింది. చవక గడియారమన్న ఆలోచన అంతకు ముందే పుట్టింది. 1867లో స్విట్జర్లాండులో జార్జ్ ఫ్రెడరిక్ రాస్కాఫ్ యంత్రంలోని భాగాలను 57కు కుదించి, కార్మికుడు కొనగలిగేలా 20 ఫ్రాంకుల గడియారాన్ని తయారుచేశాడు. అయినా విదేశాల నుంచి వచ్చే వాచీ, స్వాతంత్ర్యం తరువాత దిగుమతి ఆంక్షలు కూడా తోడవడంతో, సీమలోని చిన్న ఉద్యోగికి అందని వస్తువుగానే మిగిలింది.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు, గంటల ప్రకారం నడిచే కార్యాలయాలూ, నెలజీతం మీద బతికే కుటుంబాలూ పట్టణంలో ఒక్కసారిగా పెరిగాయి. బెంగళూరులో హిందుస్థాన్ మెషీన్ టూల్స్, అంటే హెచ్‌.ఎం.టి., స్థాపన జరిగినదీ అదే సంవత్సరం. ఆ సంస్థ జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో చేతి గడియారాల తయారీని ప్రారంభించింది. వాటిలో ‘జనత’ ప్రతిరోజూ కీ ఇవ్వవలసిన వాచీ. కీ ఇచ్చినప్పుడు చుట్టుకునే స్ప్రింగు తన బలాన్ని నెమ్మదిగా విడుదల చేస్తుంటే, బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు ఊగుతూ ఆ వేగాన్ని అదుపు చేస్తుంది. ఇరుసులు అరిగిపోకుండా వాటి కింద 17 కృత్రిమ కెంపులను అమర్చుతారు. బడి పంతులు, గుమాస్తా, బస్సు కండక్టరు వంటివారు జీతంలో మిగుల్చుకొని కొనగలిగిన వాచీలు ఇవే.

అదే కాలంలో వాచీ పెళ్లిళ్లలోకి వచ్చింది. అల్లుడికి సైకిలు, రేడియోతో పాటు చేతి గడియారం పెట్టడం తెలుగు ప్రాంతాలంతటా మర్యాదగా మొదలై, క్రమంగా అడిగి పుచ్చుకునే హక్కుగా మారింది. మణికట్టు కదలికతోనే స్ప్రింగు చుట్టుకునే హెచ్‌.ఎం.టి. ఆటోమేటిక్ వాచీ ‘కాంచన్’కు కట్నం వాచీ అనే పేరే వచ్చింది. హెచ్‌.ఎం.టి. చేతి గడియారాల తయారీ మొదలైన 1961లోనే వరకట్న నిషేధ చట్టం కూడా వచ్చిందన్నది గమనించదగిన విషయం. కరువు తప్పని నేలలో, వేరుశనగ పంట చేతికొస్తుందో రాదో తెలియని తండ్రికి ఆ వాచీ ఎంత బరువైనదో ఈ చరిత్ర రాసేవారు మరచిపోకూడదు.

వాచీని అవసరం నుంచి అందం వైపు మళ్లించినది క్వార్ట్జ్ పరిజ్ఞానం. సెల్లు నుంచి అందే విద్యుత్తుతో ఒక చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంటే, ఆ కంపనాలను లెక్కపెట్టి ముల్లును కదిలించే పద్ధతి ఇది. 1969లో జపాన్ కంపెనీ సీకో విడుదల చేసిన ఆస్ట్రాన్ తొలి క్వార్ట్జ్ చేతి గడియారం. అదే సీకో సహకారంతో హైదరాబాద్ ఆల్విన్ 1980లలో వాచీలు తయారుచేసి, ‘ట్రెండీ’ పేరుతో యువతను ఆకర్షించింది. టాటా సంస్థ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో స్థాపించిన టైటాన్, హోసూరు కర్మాగారం నుంచి పలుచని క్వార్ట్జ్ వాచీలను తెచ్చి వాచీల దుకాణాన్ని నగల అంగడిలా తీర్చిదిద్దింది. చీరకు తగిన సన్నని బంగారు రంగు చైను, చొక్కాకు తగిన నల్లబెల్టు అంటూ ఎంచుకునే అలవాటు పట్టణాల్లో అప్పుడే బలపడింది. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు పనికి వెళ్లినవారు సెలవుల్లో తెచ్చే కానుకల్లో వాచీ కూడా చేరి, కడప పల్లెల్లో ఈ ముచ్చటను మరింత పెంచింది.

ఇన్ని రకాల వాచీలూ ఇక్కడ ఎదుర్కొన్న పరీక్ష మాత్రం ఒక్కటే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ నేలలో గాలి దుమారం, ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు నాపరాయి పొడి, చెమటలోని ఉప్పు వాచీకి శత్రువులు. సన్నని దుమ్ము కీ సందులోంచి లోపలికి చేరి నూనెతో కలిస్తే పళ్ల చక్రాలు బరువెక్కుతాయి. చవక వాచీలలో తరచుగా కనిపించే, పైపూత పూసిన ఇత్తడి కేసు చెమటకు రంగు పోయి గుంటలు పడుతుంది. తోలు బెల్టు బిరుసెక్కి చీలుతుంది. అందుకే కంటికి భూతద్దం బిగించుకొని, వాచీని విప్పి, భాగాలను పెట్రోలుతో కడిగి, సూదిమొనంత నూనె వేసే మరమ్మతు పనివాడు ఈ చరిత్రలో తయారీదారుతో సమానుడు. కీ వాచీకి మూడు నాలుగేళ్లకొకసారి అతడు చేసే సర్వీసింగు వల్లనే తండ్రి కట్టిన వాచీ కొడుకు చేతికి చేరింది.

ఆల్విన్ వాచీల తయారీ ఏనాడో ఆగింది, హెచ్‌.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. సెల్‌ఫోన్ టైము చూపుతున్న ఈ కాలంలో చవక వాచీ ప్రధానంగా ఆభరణమే. ఆభరణమైనంత మాత్రాన పాత వివేకం చెల్లిపోదు. వెనుక మూత స్టెయిన్‌లెస్ స్టీలుదై, సెల్లూ బెల్టూ ఊళ్లోనే మార్చుకోగలిగిన వాచీని ఎంచుకోవడం, సాయంత్రం ఇంటికి రాగానే మెత్తని గుడ్డతో చెమట తుడవడం, అయిపోయిన సెల్లు కారి యంత్రాన్ని పాడుచేయకముందే తీయించడం, 30 మీటర్లని రాసి ఉన్న వాచీ నీటి తుంపర్లకే తట్టుకుంటుందనీ ఈతకు పనికిరాదనీ తెలుసుకోవడం ఆ వివేకానికి నేటి రూపాలు. ఏడాదికొకటి కొని పారవేసే నాసిరకం వాచీలకన్నా, శ్రద్ధగా వాడుకుంటే పదేళ్లు నిలిచే సాదా వాచీయే లెక్కలో చవక. కర్నూలు, కడప వీధుల్లో ఇంకా మిగిలిన వాచీ మరమ్మతు బల్లలకు పని ఇవ్వడం ఆ లెక్కను నిలబెట్టడమే. అవి మూతపడితే, ఎంత తక్కువ ధరకు దొరికిన వాచీ అయినా సీమ ప్రజలకు మళ్లీ ఖరీదైన వస్తువే అవుతుంది.