ఐస్ హాకీ డ్రాఫ్ట్: డిఫెండర్ల ఎంపికలో తప్పే అంచనాలు

ఉత్తర అమెరికాకు చెందిన నేషనల్ హాకీ లీగ్‌లోని 32 జట్లు ఏటా డ్రాఫ్ట్ ద్వారా యువ క్రీడాకారులపై హక్కులు పొందుతాయి. ఏడు విడతలుగా సాగే ఈ ఎంపికలో అధికులు 18 ఏళ్లవారే. డిఫెండర్లు సాధారణంగా ఆలస్యంగా పరిణతి చెందుతారు కనుక వారి భవితను ఆ వయసులో నిర్ధారించడం కష్టం.

వెనుకకు స్కేటింగ్ చేస్తూ ప్రత్యర్థిని నిలువరించే నేర్పును, ఒత్తిడిలోనూ పక్ అనే రబ్బరు బిళ్లను సహచరునికి చేరవేసే నైపుణ్యాన్ని పరిశీలకులు గమనిస్తారు. ఎత్తుకు, దేహదారుఢ్యానికి కూడా ప్రాధాన్యం ఉంటుంది.

అమెరికాకు చెందిన లేన్ హట్సన్ ఇందుకు చక్కని ఉదాహరణ. పొట్టివాడన్న సంశయంతో 2022 డ్రాఫ్ట్‌లో పలు జట్లు ఆయనను పక్కనపెట్టగా, మాంట్రియల్ కెనడియన్స్ 62వ స్థానంలో ఎంచుకుంది. బోస్టన్ విశ్వవిద్యాలయం తరఫున రెండు సీజన్లు ఆడి రాటుదేలిన హట్సన్, 2024-25లో 82 మ్యాచ్‌లలో 6 గోల్స్ చేసి, మరో 60 గోల్స్‌కు సహకరించారు. తొలి సీజన్ డిఫెండర్లలో లారీ మర్ఫీ 1980-81లో నెలకొల్పిన సహకార గోల్స్ రికార్డును సమం చేసి, ఉత్తమ నూతన క్రీడాకారునికిచ్చే కాల్డర్ ట్రోఫీని అందుకున్నారు.

స్వీడన్‌కు చెందిన నిక్లస్ లిడ్‌స్ట్రామ్ సైతం 1989లో 53వ స్థానంలోనే ఎంపికై, ఉత్తమ డిఫెండర్‌గా నోరిస్ ట్రోఫీని ఏడుసార్లు గెలుచుకున్నారు. డ్రాఫ్ట్ స్థానం ఆనాటి అంచనాయే తప్ప అంతిమ తీర్పు కాదు.