పౌరసత్వ దరఖాస్తుకు లైంగిక ధోరణితో సంబంధం ఉందా? చట్టం ఏం చెబుతోంది?

భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునేవారిని ‘మీ లైంగిక ధోరణి ఏమిటి?’ అని ఎవరూ అడగరు. 1955 నాటి పౌరసత్వ చట్టంలో ఆ మాటే లేదు. అలాగని దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటే పొరపాటే. మీరు ఎవరిని ప్రేమిస్తున్నారన్నది చట్టానికి అక్కర్లేదు. ఎవరిని పెళ్లి చేసుకున్నారన్నది మాత్రం కావాలి. చిక్కంతా అక్కడే వస్తోంది.

పెళ్లితో పని లేని మార్గాలు

పుట్టుక, వంశం, భారత సంతతి వ్యక్తిగా రిజిస్ట్రేషన్, దీర్ఘకాల నివాసం (నాచురలైజేషన్) ద్వారా పౌరసత్వం కోరేవారికి లైంగిక ధోరణి అడ్డు కాదు. నాచురలైజేషన్‌కు సాధారణంగా దరఖాస్తుకు ముందు వరసగా 12 నెలలు, అంతకుముందు 14 ఏళ్లలో మొత్తం 11 ఏళ్లు దేశంలో ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏదో ఒక భాష తగినంతగా రావాలి. తెలుగు వచ్చినా చాలు.

‘మంచి నడవడిక’ ఉండాలన్నది మరో షరతు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే ఐపీసీ సెక్షన్ 377 అమల్లో ఉన్నంతకాలం ఈ మాట భయపెట్టేదే. పెద్దల మధ్య పరస్పర సమ్మతితో సాగే సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. కాబట్టి లైంగిక ధోరణి కారణంగా ఒకరి నడవడికను తప్పుపట్టడానికి ఇప్పుడు చట్టపరమైన ఆధారం లేదు.

పెళ్లి దగ్గరే అసలు సమస్య

భారత పౌరుడిని లేదా పౌరురాలిని పెళ్లి చేసుకున్న విదేశీయులు, ఏడేళ్లు ఇక్కడ నివసించాక, సెక్షన్ 5(1)(సి) కింద పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా (ఓసీఐ) కార్డు పూర్తి పౌరసత్వం కాదు, ఓటు హక్కు ఇవ్వదు. కానీ జీవితకాల వీసాగా పనికొస్తుంది. భారత పౌరుల లేదా ఓసీఐ కార్డుదారుల విదేశీ జీవిత భాగస్వాములకు సెక్షన్ 7ఎ కింద ఆ కార్డు ఇస్తారు. పెళ్లి రిజిస్టరై ఉండాలి, కనీసం రెండేళ్లు కొనసాగి ఉండాలి.

గుంటూరులో పుట్టి అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒక తెలుగువాడు అక్కడే ఒక అమెరికన్‌ను చట్టబద్ధంగా పెళ్లి చేసుకున్నాడనుకుందాం. భారత సంతతివాడు కాబట్టి అతనికి ఓసీఐ వస్తుంది. భార్య ఉంటే ఆమెకూ వస్తుంది. కానీ అతని జీవిత భాగస్వామి పురుషుడైతే, ఆ పెళ్లిని ఆధారంగా చూపి కార్డు పొందే దారి మూసుకుపోతుంది. వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకోవడానికి ఇద్దరూ గుంటూరు వచ్చి స్థిరపడాలనుకుంటే ఒకరికి జీవితకాల అనుమతి, మరొకరికి కొద్దికాలపు పర్యాటక వీసా. ఆ రెండో వ్యక్తి కూడా భారత సంతతివాడే అయితే ఇబ్బంది ఉండదు. ఎందుకంటే కార్డు అతనికి పెళ్లి వల్ల కాక, పుట్టుక వల్ల వస్తుంది.

‘స్పౌజ్’ అంటే ఎవరు?

సెక్షన్ 7ఎలో భర్త, భార్య అని రాయలేదు. ‘స్పౌజ్’ అని మాత్రమే ఉంది. 2012లో న్యూయార్క్‌లో పెళ్లి చేసుకున్న ఒక స్వలింగ జంట 2021లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది ఈ వాదనతోనే. పెళ్లి జరిగిన దేశంలో అది చెల్లుతుంది, రిజిస్టరైంది, రెండేళ్లు దాటింది, ఇంకేం కావాలన్నది వారి ప్రశ్న. స్పౌజ్ అంటే భర్త లేదా భార్య అని, వివాహమంటే స్త్రీ పురుషుల మధ్య జరిగేదేనని కేంద్రం బదులిచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు వేర్వేరు హైకోర్టుల్లోని స్వలింగ వివాహ పిటిషన్లను తనకు బదిలీ చేసుకుంది.

అదే ఏడాది అక్టోబర్ 17న సుప్రియో కేసులో తీర్పు వెలువడింది. వివాహం ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ అన్నారు. పెళ్లికి బదులు ‘సివిల్ యూనియన్’గా గుర్తించడానికీ 3-2 మెజారిటీతో నిరాకరించారు. దీనిపై వేసిన రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు.

అదే తీర్పులో ఒక అంశంపై మాత్రం ఐదుగురూ సానుకూలంగా ఏకమయ్యారు. స్త్రీ పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ప్రస్తుత చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చన్నారు. అంటే ట్రాన్స్ మహిళ విదేశీ పురుషుడిని పెళ్లి చేసుకుంటే, ఆ పెళ్లికి చట్టం గుర్తింపు ఉంటుంది. లైంగిక ధోరణి వేరు, జెండర్ గుర్తింపు వేరు అన్న తేడా ఇక్కడ ఆచరణలో కనిపిస్తుంది.

పొరుగు దేశాలు, శరణార్థులు

పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో వలస పాలకుల నాటి సెక్షన్ 377 ఇంకా ఉంది. అక్కడి నుంచి ప్రాణభయంతో వచ్చే స్వలింగ ధోరణి గలవారికి భారత్‌లో ప్రత్యేక మార్గం లేదు. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం లెక్కలోకి తీసుకున్నది మతాన్నే.

నేపాల్‌లో 2023 నవంబర్‌లో ఒక స్వలింగ జంట పెళ్లి రిజిస్టరైంది. అక్కడి రాజ్యాంగం పౌరసత్వ పత్రంలో జెండర్ గుర్తింపుకు చోటిచ్చింది. కానీ పెళ్లి ద్వారా పౌరసత్వం విషయంలో రాజ్యాంగం ప్రస్తావించింది నేపాలీ పురుషుడిని పెళ్లాడిన విదేశీ మహిళను మాత్రమే. అంటే పెళ్లికి గుర్తింపు దక్కినంత మాత్రాన పౌరసత్వం దానంతటదే రాదు.

అమెరికా అనుభవం

తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న అమెరికాలోనూ ఒకప్పుడు పరిస్థితి ఇంతకన్నా కఠినం. 1952 వలస చట్టంలోని ‘మానసిక వికృతి’ నిబంధన కింద స్వలింగ ధోరణి గలవారిని దేశంలోకి రానిచ్చేవారు కాదు. కెనడా నుంచి వచ్చిన బౌటిలియర్ అనే వ్యక్తి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోగా, ఆ క్రమంలో అతని గతం బయటపడి దేశం నుంచి పంపేయాలన్న ఉత్తర్వు వచ్చింది. 1967లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ నిషేధాన్ని 1990లో చట్టసభ ఎత్తేసింది. 2013లో విండ్సర్ తీర్పు తర్వాత స్వలింగ దంపతులకూ పెళ్లి ఆధారిత గ్రీన్ కార్డు, పౌరసత్వం దక్కుతున్నాయి. హెచ్-1బీ ఉద్యోగి స్వలింగ జీవిత భాగస్వామికి హెచ్-4 వీసా కూడా వస్తుంది.

ఇప్పుడేం చేయొచ్చు?

దేశంలో స్వలింగ వివాహాన్ని గుర్తించాలా వద్దా అన్నది పార్లమెంటు తేల్చాల్సిన పెద్ద ప్రశ్న అని కోర్టు చెప్పింది. ఓసీఐ ప్రశ్న అంత పెద్దది కాదు. పెళ్లి జరిగిన దేశంలో చెల్లుబాటైతే చాలని సెక్షన్ 7ఎకు ఒక వివరణ చేర్చవచ్చు. దాని కోసం వివాహ చట్టాల్లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఆ వివరణ వచ్చేదాకా, విదేశీ జీవిత భాగస్వామితో స్వదేశానికి తిరిగి రావాలనుకునే స్వలింగ జంటలకు ఆ పెళ్లి పత్రం ఇక్కడి కార్యాలయాల్లో అక్కరకు రాదు.