కంచెయు చేనును
మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున ప్రభుత్వాధికారము – వ్యక్తి స్వాతంత్ర్యము

చేనునకు కంచె కావలెను. కంచె లేని చేను పశువుల పాలగును. కాని కంచెయే చేను మేసినచో కాపు మొర వినువారెవరు? ప్రభుత్వాధికారమునకును వ్యక్తి స్వాతంత్ర్యమునకును గల సంబంధమును ఈ సామెతకంటె తేటగా చెప్పుట కష్టము. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు నూరేండ్ల చరిత్రలో చేను మేసిన కంచెయు, కంచె లేని చేనును రెండును కానవచ్చును. గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఆ చరిత్రను స్మరించుట సముచితము. ఏలయన, ఈ రాజ్యమున నొకప్పుడు నలుగురు కూడి గ్రంథము చదువుకొనుటయే అధికారులకు అనుమానాస్పదమైన కార్యముగా నుండెను.

అసఫ్‌జాహీల యేలుబడిలో హైదరాబాదు నగరము చుట్టునున్న గ్రామములు అత్రాఫె బల్దా అను జిల్లాగా నుండెను. బల్దా యనగా నగరము. అత్రాఫ్ అనగా పరిసరములు. ఆ జిల్లాకు ఉత్తరపు తాలూకా మేడ్చల్. ఈ జిల్లా సర్ఫెఖాసు, అనగా నిజాము స్వంత వ్యయమునకై ప్రత్యేకింపబడిన భూమి. దివానీ ప్రాంతముల శిస్తు రాజ్యపు బొక్కసమునకు చేరగా, సర్ఫెఖాసు శిస్తు నిజాము స్వంత ఖజానాకు చేరెడిది. ఇతర సీమలలో భూస్వామి బాధించినచో పాలకునితో మొరపెట్టుకొనవచ్చుననెడి యాశయైన నుండెను. ఇచ్చట పాలకుడే భూస్వామి. గ్రామమున మాలీ పటేలు శిస్తు వసూలు చేయుచుండెను. పోలీసు పటేలు శాంతిభద్రతలు చూచుచుండెను. పట్వారీ లెక్కలు వ్రాయుచుండెను. ఈ మూడు పదవులును వంశపారంపర్యములు. రాజభాష ఉర్దూ యగుటచే, కచ్చేరీనుండి వచ్చిన కాగితములో తన గురించి యేమి వ్రాసియున్నదో తెలుగు కాపునకు మరియొకరు చదివి చెప్పవలసియుండెను. ఎవరి చేత అధికారము కలదో వారి చేతనే అక్షరమును ఉండుట ఆనాటి ముఖ్యమైన చిక్కు.

ఆ చిక్కును విప్పుటకే గ్రంథాలయోద్యమము పుట్టినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును స్థాపింపబడెను. 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధనీ నాటకశాలయందు జరిగిన సంఘసంస్కార సభలో తెలుగున ప్రసంగింపబూనిన వక్తను సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్ర జనసంఘము ఉద్భవించెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు గ్రామగ్రామమున పఠనాలయములు నెలకొల్పుటయే ప్రథమ కార్యముగా పెట్టుకొనిరి.

ప్రభుత్వము ఊరకుండలేదు. ముందుగా అనుమతి పొందనిదే సభ జరుపరాదని శాసించు గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రజల నోళ్లను కట్టివేసెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభయు అనుమతి పొందియే జరుగవలసివచ్చెను. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సక్రమముగా ఏర్పడకమునుపే నిషేధింపబడెను. ఈ ఉత్తరువుల స్వభావమును గమనింపవలెను. నోరు తెరచుట ప్రజల హక్కు కాదు. సర్కారు ఇచ్చిన అనుగ్రహము. అడుగవలసినవాడు పౌరుడు. కాదనుటకు కారణము చెప్పవలసిన పని అధికారికి లేదు. కంచె చేనును మేయుట యనగా ఇదియే.

అట్లని అధికారము ఎంత తగ్గిన స్వాతంత్ర్యమంత పెరుగుననుకొనుట పొరపాటు. ఇదే కాలమున తెలంగాణ పల్లెలలో వెట్టిచాకిరి సాగుచుండెను. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ కుటుంబములు దొరలకును, పర్యటనకు వచ్చిన ఉద్యోగులకును కూలి లేకయే ఊడిగము చేయుచుండిరి. వెట్టి కూడదను ఉత్తరువులు రాజధానిలో వెలువడినను గడీ వాకిటివరకు అవి నడువలేదు. 1947-48లలో రజాకారులు పల్లెలపై బడినపుడు వారి నాపవలసిన ప్రభుత్వము వారికి అండగా నిలిచెను. రజాకారులను ఖండించుచు వ్రాసిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో హత్య గావింపబడెను. బలవంతుని చేతిని పట్టుకొను ప్రభుత్వము లేనిచోట బలహీనునకు స్వాతంత్ర్యము లేదు.

1948 సెప్టెంబరులో సైనిక చర్యతో సంస్థానము భారత యూనియనులో చేరెను. 1949లో సర్ఫెఖాసు భూములు దివానీలో కలిసెను. ఆ యేటనే ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. కాపునకు విడుదల కలిగించినది ప్రభుత్వాధికారమే. అయినను జాగీర్లను తొలగించిన నాటికి సంస్థానమున ప్రజలెన్నుకొన్న శాసనసభ లేదు, ఉన్నది సైనిక గవర్నరు పాలన. మేలు చేసిన యధికారమునకును హద్దు వ్రాసియుంచుట అవసరమని ఆనాటివారికి తెలియకపోలేదు.

ఆ హద్దు 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగమున వ్రాయబడెను. దాని 19వ అధికరణము ఆయుధములు లేక శాంతియుతముగా సమావేశమగు హక్కును పౌరునకు మొదటనే ఇచ్చినది. ఆ పిమ్మట సహేతుకమైన ఆంక్షలు విధించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. గస్తీ నిషాన్ 53తో పోల్చిన ఇందలి వరుస తారుమారైనది. నేడును ఊరేగింపునకు పోలీసుల అనుమతి కోరవలసియుండవచ్చును. కాని కాదన్న అధికారి కారణము చూపవలెను. ఆ కారణము సహేతుకమగునో కాదో హైకోర్టు తూచవచ్చును. 22వ అధికరణము ననుసరించి, సాధారణముగా, అరెస్టయినవానికి కారణము తెలుపవలెను. ప్రయాణకాలము గాక 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. ఇట్లు ఒకే గ్రంథము ప్రభుత్వమునకు చేతులును ఇచ్చినది, ఆ చేతులకు హద్దులును గీచినది.

కాగితము మారిన దినముననే ఊరు మారదు. 1951-52లలో శ్యామాచరణ్ దుబేగారు ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందముతో శామీర్‌పేటయందు పరిశోధన జరిపి, 1955లో భారతీయ గ్రామము గూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి. శామీర్‌పేట పేరు దేశాంతర పండితులకు తెలిసినది ఆ గ్రంథముచేతనే. దినచర్యలో కులము, కుటుంబము, పెద్దరికము మనిషిని ఎట్లు నడిపించుచున్నవో అందు వివరింపబడినది. వ్యక్తి స్వాతంత్ర్యమునకు సర్కారు ఒక్కటియే హద్దు కాదనియు, ఊరి కట్టుబాట్లును హద్దేయనియు ఆ గ్రంథము చదివినవారికి బోధపడును.

వ్రాసిన హద్దు సయితము తనంత తాను నిలువదు. 1975 జూన్ 25 నుండి 1977 మార్చి 21 వరకు దేశమున అత్యవసర పరిస్థితి అమలులో నుండెను. పత్రికలు సెన్సారునకు లోనయ్యెను. నిర్బంధితుడు న్యాయస్థానమున తన నిర్బంధమును ప్రశ్నింపజాలడని 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఐదుగురు న్యాయమూర్తులలో హెచ్.ఆర్. ఖన్నాగారొక్కరే విభేదించిరి. ఆ తీర్పు తప్పని అదే న్యాయస్థానము 2017లో నిర్ణయించెను. విచిత్రమేమనగా, అప్పునకు మనిషిని కట్టివేయు దురాచారమును రద్దుచేసిన చట్టము వచ్చినదియు 1976లోనే. ఒకే ప్రభుత్వము ఒక చేత సంకెల విప్పుచు మరొక చేత సంకెల వేయగలదు. కనుక ప్రభుత్వము మంచిదా చెడ్డదా యని యడుగుటకంటె, ఆ పనికి హద్దు కలదా, అడుగు దారి కలదా యని యడుగుట మేలు.

నేడు ఈ ప్రాంతమున ఆ ప్రశ్న భూమి రూపమున నిలిచినది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా సాగినది. రహదారి వలన కలుగు లాభము అందరిది. పోయిన చెలక ఒక్క కుటుంబానిది. 1978 నాటి సవరణ పిమ్మట ఆస్తిహక్కు ప్రాథమిక హక్కు కాదు. అయినను చట్టము లేక యెవరి ఆస్తియు తీసికొనరాదని 300ఎ అధికరణము చెప్పుచున్నది. 1894 నాటి భూసేకరణ చట్టమును తొలగించి వచ్చిన 2013 చట్టము పరిహారమును పెంచినది, పునరావాసమును చేర్చినది. తన భూమి కాగితములు చూపుమని 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద రైతు అడుగవచ్చును. న్యాయశాస్త్రము నేర్పు నల్సార్ విశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే నెలకొన్నది. తాతలకు ఇన్ని దారులు లేవు.

దారి యున్నంతమాత్రమున నడక సాగదు. ఏ యుత్తరువు వచ్చినను మూడు ప్రశ్నలు వేయనేర్చినవాడే పౌరుడు: ఇది ఏ చట్టము క్రింద వచ్చినది? కారణమేమి? కాదనుటకు ఎవరికడకు పోవలెను? ఈ మూడింటికిని చదువు కావలెను. సభలకు అనుమతి నిరాకరించిన రాజధాని నుండియే 1955లో హైదరాబాదు పౌరగ్రంథాలయ చట్టము వెలువడినది. 1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును ప్రజలు చెల్లించుచున్నారు. పఠనాలయమును అనుమానించిన సర్కారు స్థానమున పఠనాలయమునకు పన్ను కూర్చు సర్కారు వచ్చుట చిన్న మార్పు కాదు. ఆ మార్పు తెచ్చినవారు చీకటి దినములలో దీపము పెట్టుకొని చదివినవారు. కంచెను కాయవలసినవాడు కాపే. తన కచ్చేరీ కాగితమును తానే చదువుకొనగలిగిన నాడు ఆ కాపలా నిలుచును.